పులికాట్‌లో చిన్న రాజహంస దొరికిందా?

ఫ్లెమింగోలను, అదే రాజహంసలను, చూడ్డానికి తిరుపతి నుంచి ఒక్కరోజులో వెళ్లొచ్చేద్దామని పోయినేడు బయల్దేరి దెబ్బతిన్నాం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరేసరికి పదయింది. అప్పటికే ఎండ. పక్షులు ఎక్కడో దూరాన గులాబీ గీతలా కనిపించాయి, అంతే.

ఈసారి జనవరిలో నేనూ మేనల్లుడూ ముందురోజు రాత్రే సూళ్లూరుపేటలో దిగాం. లాడ్జిలో గీజరుకు స్విచ్చి ఉంది గానీ వేడినీళ్లు లేవు. దుప్పటి మాత్రం ఉతికిందే. ఐదింటికే లేచి పోయేవాళ్లకు అది చాలు.

శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. అటకానితిప్ప దగ్గర కారాపాం. పెద్ద జాతి రాజహంసలు వందల్లో ఉన్నాయి. ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి బురద వడగడుతున్నాయి. వాటి మధ్య పొట్టిగా, మాసిన రంగులో నాలుగు కనిపించేసరికి "చిన్న రాజహంసలురా!" అని అరిచాను. వాడు బైనాక్యులర్ లాక్కుని చూసి, "కాదు మామా, పెద్దవాటి పిల్లలే. చిన్న జాతికి ముక్కు ముదురెరుపు, దూరానికి నల్లగా ఉంటుంది. వీటిది బూడిద రంగు, కొసన నలుపు" అన్నాడు.

నేను ఎత్తు చూసి మోసపోయాను. పెద్దది నాలుగడుగుల పైమాట, చిన్నది మూడడుగుల లోపే. తిండిలోనే అసలు తేడా. పెద్దది రొయ్యపిల్లలు, పురుగులు, నత్తలు ఏవైనా తింటుంది, దానికి ఇప్పట్లో భయం లేదు. చిన్నదానికి ముఖ్యంగా స్పైరులినా లాంటి సూక్ష్మ నాచు కావాలి. గుడ్లు పెట్టే చోట్లూ తక్కువే. ఆఫ్రికాలో ఎక్కువ భాగం టాంజానియాలోని నేట్రాన్ సరస్సునే నమ్ముకున్నాయి. అందుకే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా లెక్కేసింది. రెండు గంటలు వెతికినా మాకు ఒక్కటీ దొరకలేదు.

తిరుగుదారిలో నేలపట్టు. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన చెరువు. నీళ్లలోని కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు, పిల్లల గోల, వాసన కూడా! పిల్లలతో వెళ్తే నా ఓటు దీనికే. పక్షులు దగ్గరగా కనిపిస్తాయి, టవరెక్కితే బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు. అటకానితిప్పకు ఓపిక కావాలి, నీడ దొరకదు. తడ వైపు భీమునివారిపాలెంలో పడవ షికారుంది గానీ టైం లేక ఎక్కలేదు.

చిన్నదాన్ని చూడాలంటే కచ్‌కో, ముంబయి పక్కన థానే క్రీక్‌కో పోవాలంటున్నాడు మావాడు. రైలు టికెట్లు ఎవరు కొనాలో ఇంకా తేలలేదు.