పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈమెయిల్ కాంటాక్టుల బ్యాకప్: మూడేళ్ల వాడకం తర్వాత

ఈమెయిల్ మార్కెటింగ్ సేవ నుంచి వారానికోసారి దించుకున్న కాంటాక్టుల జాబితాను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కించి బ్యాకప్‌గా ఉంచుకోవడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. అంతకుముందు సీఎస్‌వీ ఫైళ్లను (విలువల మధ్య కామాలు పెట్టి రాసిన పట్టికలు) తేదీల వారీగా ఒక ఫోల్డర్‌లో దాచేవాణ్ణి; ఫలానా చిరునామా ఏ వారంలో జాబితా నుంచి తప్పుకుందో తెలియాలంటే ఫైళ్లన్నీ తెరిచి వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు డేటాబేస్‌ను అడిగే ఒక్క ప్రశ్న, అంటే ఒక్క క్వెరీ చాలు.

ఫైలును నేరుగా అసలు టేబుల్‌లోకి కాకుండా, కాలమ్‌లన్నీ టెక్స్ట్ రకంగా ఉన్న తాత్కాలిక టేబుల్‌లోకి కాపీ కమాండ్‌తో ఎక్కించడం నాకు బాగా కుదిరిన పద్ధతి. తేదీల కాలమ్‌లో ఒక్క విలువ తప్పుగా ఉన్నా మామూలుగా కాపీ మొత్తం ఆగిపోతుంది, అంతవరకు చదివిన వరుసలూ నిలవవు. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో అలాంటి వరుసలను దాటవేసే వీలు కల్పించారు గానీ, బ్యాకప్‌లో ఏ వరుసనైనా వదులుకోవడం నాకు సమ్మతం కాదు. ముందు టెక్స్ట్‌గా ఎక్కించి తర్వాత పరీక్షిస్తే, తేడా ఉన్నవి అక్కడే కనిపిస్తాయి. దించిన ఫైలును మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకూడదు. ఫోన్ నంబర్ల మొదటి సున్నాలు పోతాయి.

అసలు టేబుల్‌లో చిరునామాలను చిన్న అక్షరాల్లోకి మార్చి, ఒకే చిరునామా రెండు వరుసల్లో ఉండకుండా వాటిపై యూనిక్ ఇండెక్స్ పెట్టి, ఇప్పటికే ఉన్న చిరునామా వస్తే ఆ వరుసనే తాజా చేసే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్‌తో చేరుస్తున్నాను. ఒకే చిరునామా ఒకే విడతలో రెండుసార్లు వస్తే ఆ కమాండ్ ఎర్రర్ ఇచ్చి నిలిచిపోతుంది కాబట్టి నకళ్లను ముందే ఏరివేయాలి. తరచూ మారే అదనపు ఫీల్డులకు, ఎన్ని పేరు-విలువ జతలనైనా ఒకేచోట దాచగల జేసన్‌బీ కాలమ్ సరిపోయింది.

నేను చేసిన పెద్ద పొరపాటు పేరు, చిరునామా భద్రంగా ఉంటే చాలనుకోవడం. ఒకసారి బ్యాకప్ నుంచి కొత్త ఖాతాలోకి జాబితాను పంపి చూస్తే, ఎప్పుడో అన్‌సబ్‌స్క్రయిబ్ చేసినవారు కూడా చందాదారులుగా చేరిపోయారు. మెయిల్ వెళ్లకముందే గమనించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే వద్దన్నవారి మాటను కాదని వారి ఇన్‌బాక్సులోకి చొరబడినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆనాటి నుంచి ఒకరి చందా స్థితి (చేరారా, తప్పుకున్నారా అన్నది) మారిన ప్రతిసారీ తేదీతో సహా విడి టేబుల్‌లో కొత్త వరుసగా రాస్తున్నాను, పాతదాన్ని దిద్దడం లేదు. 2018 మే 25 నుంచి ఐరోపా సమాఖ్యలో అమలవుతున్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, సమ్మతి ఆధారంగా మెయిళ్లు పంపేవారు ఆ సమ్మతి పొందినట్టు చూపించగలగాలి. అందుకూ ఈ చరిత్రే ఆధారం. తమ వివరాలు తొలగించమన్నవారి చిరునామాకు హ్యాష్ (చిరునామా నుంచి లెక్కగట్టిన గుర్తు కోడ్) మాత్రమే వేరుగా ఉంచి, పాత డంప్‌ను (డేటాబేస్ మొత్తాన్ని దాచిన ఫైలును) తిరిగి ఎక్కించినప్పుడల్లా దానితో సరిపోల్చి మళ్లీ తొలగిస్తున్నాను.

నేను దించుకునే ఫైలులో ఏ మెయిల్‌ను ఎవరు తెరిచారు, ఏ లింకును నొక్కారు అన్న వివరాలు రావు, ఆ లోటు అలాగే ఉంది. నెలకోసారి పీజీ డంప్ ఫైలును ఖాళీ డేటాబేస్‌లోకి తిరిగి ఎక్కించి, ఒక్కో స్థితిలో ఎందరున్నారో లెక్క సరిచూస్తాను. ఆ లెక్క కుదిరాకే పాత డంప్‌ను చెరిపేస్తాను.