రాట్నం మూలుగు నుంచి తప్పెటగుళ్ల మోత దాకా: చేతి రికార్డర్‌పై సమీక్ష

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల చేతివృత్తుల మీద, జాతరల మీద చిన్న వీడియోలు తీయాలనుకునేవారు ఎవరైనా ఏ కెమెరా కొనాలని అడిగితే, ముందు అరచేతిలో ఇమిడే సౌండ్ రికార్డర్ కొనమని చెబుతాను. నేను కొన్నేళ్లుగా ఒకటి వాడుతున్నాను. పైభాగాన రెండు చిన్న మైకులు 90 డిగ్రీల కోణంలో ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. రెండు సన్న పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఈ తరహా చిన్న రికార్డర్లలో చాలావాటి అమరిక దాదాపు ఇదే కాబట్టి, కింద చెప్పేవి ఏ కంపెనీది కొన్నా చాలావరకు వర్తిస్తాయి.

పొందూరు ఖాదీ మీద వీడియోలు చాలానే చూశాను. ఎక్కువ వాటిలో మొదటి నుంచి చివరి దాకా వేణువు మోగుతూనే ఉంటుంది. దృశ్యం అందంగానే ఉంటుంది కానీ, ఆ పనికి ఎంత ఓపిక కావాలో మనకు తెలియకుండా పోతుంది. అక్కడ గింజ చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు దూదిలో దిగినప్పుడు వచ్చే గరగర కెమెరా లోపలి మైకుకు అందదు, వీధిలో వెళ్లే బండ్ల రొద కింద పడిపోతుంది. రికార్డర్‌ను ఆ చేతికి జానెడు దూరంలో పెడితే ఒక్కో పోగూ విడిపోతున్నట్టు వినిపిస్తుంది. తర్వాత వింటితో దూది ఏకడం. నారి మోగిన ప్రతిసారీ గదిలో చిన్న మారుమోత పుడుతుంది. ఆ పైన ఒంటి కదురు రాట్నం. నూలు సాగేటప్పుడు ఒక మూలుగు, కదురుకు చుట్టుకునేటప్పుడు మరొకటి. ఈ మూడింటినీ వరసగా, ఏ సంగీతమూ లేకుండా వినిపిస్తే చాలు, చూసేవారికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఈ పరికరం నా చేత మాన్పించిన మొదటి అలవాటు, వీడియో మొత్తానికి నేపథ్య సంగీతం పరచడం.

అయితే పొందూరులోనే దీని అసలు బలహీనత కూడా బయటపడుతుంది. రాట్నం శబ్దం చాలా చిన్నది. దూరంగా పెట్టి గెయిన్ (మైకు పట్టిన శబ్దాన్ని పెంచే అమరిక) పెంచితే పరికరం లోపలి సుయ్‌మనే శబ్దం కూడా పైకి లేస్తుంది. దీనికి ఎడిటింగ్‌లో మందు వెతకడం కన్నా దగ్గరికి జరపడమే మేలు. దూరం సగానికి తగ్గితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, సుయ్‌మనేది ఉన్నచోటే ఉంటుంది.

తప్పెటగుళ్ల దగ్గర కష్టం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. గుండెలకు తప్పెటలు, కాళ్లకు గజ్జెలు కట్టుకున్న బృందం ఒక్కసారి ఊపందుకుంటే ఆ మోత ఏ మీటరునైనా ఎర్రగీత దాటిస్తుంది. ఒకసారి గీత దాటి పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. అందుకే నేను రికార్డింగు నాణ్యతను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, శబ్దం అన్నిటికన్నా పైకి లేచే చోట్లు కూడా మీటరులో సున్నాకు కిందుగా, మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటాను. వీడియోకు 48 కిలోహెర్ట్జే ప్రమాణం, 44.1 పాటల సీడీల లెక్క. 24 బిట్‌లో తక్కువ స్థాయిలో రికార్డు చేసినా తర్వాత పెంచుకోవచ్చు. బుడితిలో ఇత్తడి పాత్రల మీద పడే సుత్తి దెబ్బలకైతే ఇంకా కిందికి దించాలి. ఆ దెబ్బ రెప్పపాటులో ఎగిసి పడుతుంది, మీటరు చూపేలోపే అయిపోతుంది.

ఆటోమేటిక్ గెయిన్ అనే మీట ఒకటి ఉంటుంది. దాన్ని కట్టేయండి. ఎందుకో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో అర్థమవుతుంది. అక్కడ వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. మొదట్లో ఉలి దెబ్బ మందంగా ఉంటుంది. లోపల ఖాళీ పెరిగేకొద్దీ అదే దెబ్బ బోలుగా, పెద్దగా మోగుతుంది. కట్టె వాద్యంగా మారుతోందని ఆ తేడా చెవికి చెబుతుంది. ఆటోమేటిక్ గెయిన్ చిన్నదాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించి ఆ తేడానంతా చదును చేసేస్తుంది. ఇక్కడే ఇంకో మాట. వీణ మీద తీసే వీడియోకు మొదటి నుంచే వీణానాదం వినిపించడం చాలామంది చేసే పని. నాకు అది బొత్తిగా నచ్చదు. ఉలి, చిత్రిక, మైనంతో మెట్లు అమర్చేటప్పటి నిశ్శబ్దం, ఇవన్నీ విన్న తర్వాత తీగ మీద మొదటి మీటు పడాలి. అప్పటిదాకా ఆ నాదాన్ని దాచి ఉంచకపోతే, చివరి దృశ్యానికి ఇవ్వడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

కళింగపట్నం తీరంలో గాలికి ఈ పరికరం తనంతట తాను నిలబడదు. దాంతోపాటు ఇచ్చే స్పాంజి తొడుగు గదిలో మాట్లాడేవారి ఊపిరి తాకిడికి సరిపోతుందేమో గానీ, సముద్రపు గాలికి చాలదు. బొచ్చు తొడుగు విడిగా కొనాల్సిందే. దానికి తోడు లో కట్ (లోతైన శబ్దాలను కోసేసే) మీట వేస్తే గుబగుబలు చాలా తగ్గుతాయి. పైడితల్లి సిరిమానోత్సవంలో మాత్రం లో కట్ తీసేస్తాను, డప్పుల లోతైన దెబ్బ పోకూడదు. సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం రికార్డు చేసేవారికి పెద్ద వరం. మొదటి విడతలో జనం ఘోష కోసం మేడ మీద, రెండో విడతలో డప్పుల కోసం రోడ్డు పక్కన, మూడో విడతలో ఒక్క మనిషి నోటి మొక్కు కోసం గుంపు మధ్యలో ఉండవచ్చు. రెండు మైకులు కోణంలో ఉండటం వల్ల సిరిమాను ఎడమ నుంచి కుడికి సాగిపోవడం ఇయర్‌ఫోన్లలో స్పష్టంగా తెలుస్తుంది.

మనుషులు మాట్లాడేటప్పుడు ఈ పరికరాన్ని బల్ల మీద పెట్టి వదిలేస్తే గదంతా వినిపిస్తుంది. దానికే కాలర్ మైకు గుచ్చి, రికార్డర్‌ను మాట్లాడేవారి జేబులో పెడితే చక్కగా వస్తుంది. సంభాషణ అయ్యాక అందరినీ ఆగమని, ఆ గది ఖాళీ శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. మాటలు కత్తిరించి అతికించిన చోట అతుకు తెలియకుండా ఉండేది దానివల్లే. చిత్రం మారడానికి ఒక క్షణం ముందే తర్వాతి దృశ్యపు శబ్దాన్ని మొదలుపెట్టడం కూడా నాకు ఇష్టమైన పద్ధతి. ఇంటి లోపల ముసలామె మాట్లాడుతుండగానే మగ్గం నాడె చప్పుడు మొదలైతే, బొమ్మ మారేసరికి మనం అప్పటికే మగ్గం దగ్గర ఉంటాం.

సంగీతాన్ని రెండు చోట్లే వాడతాను: కాలం గడిచిందని చెప్పాల్సినప్పుడు, ఎవరైనా బరువైన మాట చెప్పాక దానికి కాస్త వ్యవధి ఇవ్వాల్సినప్పుడు. మాట కింద సంగీతం ఉండక తప్పకపోతే, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య సంగీతాన్ని కొంచెం తగ్గిస్తాను. హల్లులు స్పష్టంగా వినిపించేది ఆ ప్రాంతంలోనే. హక్కుల విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది, పాత రచన అయితే దాని ఏ రికార్డింగునైనా వాడుకోవచ్చని. 1945లో కన్నుమూసిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు రచనలపై కాపీరైట్ గడువు మన చట్టం ప్రకారం, అంటే రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు, ఎప్పుడో దాటింది. కానీ వాటిని ఇటీవల ఎవరైనా పాడి విడుదల చేస్తే ఆ రికార్డింగు హక్కు వేరు. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆయనే దాని తొలి ప్రిన్సిపాల్. అలాంటి ఊళ్లో ఉంటూ ఇంటర్నెట్ నుంచి ఎవరిదో ట్యూను దించుకోవడం ఎందుకు? పాడేవారిని పిలిచి, అనుమతి రాయించుకుని, తగిన పారితోషికమిచ్చి ఈ రికార్డర్‌తోనే పట్టుకోండి.

లోపాలు ఇంకా ఉన్నాయి. ప్లాస్టిక్ ఒళ్లు కావడంతో వేలు కదిలితే కిర్రుమంటుంది, స్టాండు తప్పనిసరి. ఎండలో తెర కనపడదు. కేబుల్ గుచ్చే చోటు వదులైంది. అరగంట దాటిన రికార్డింగులో చివరికొచ్చేసరికి శబ్దానికీ బొమ్మకూ పొత్తు కుదరదు, కెమెరా గడియారం, దీని గడియారం విడివిడిగా నడుస్తాయి కనుక. పది నిమిషాలకోసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టి, ఎడిటింగ్‌లో రెంటినీ కలపడానికి గుర్తు పెట్టుకుంటే ఇబ్బంది తీరుతుంది.

పెళ్లి వీడియోలకు దీన్ని సిఫారసు చేయను, అక్కడ వైర్‌లెస్ మైకులే ఉపయోగం. ఇది పాడైపోతే 32 బిట్ ఫ్లోట్ రకం, అంటే చాలా చిన్న శబ్దాన్నీ చాలా పెద్ద శబ్దాన్నీ ఒకేసారి పట్టగలిగేది, తీసుకుంటాను. అందులో మైకు సామర్థ్యం దాటనంతవరకు గెయిన్ గురించి బెంగ ఉండదు, పొద్దున రాట్నం, సాయంత్రం తప్పెటగుళ్లు ఒకే అమరికతో పట్టుకోవచ్చు.