అమెరికాలో చిన్న విమెన్స్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ: నాలుగేళ్లు చదివాక నా రివ్యూ

అమెరికా ఈశాన్యం వైపు ఒక చిన్న విమెన్స్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో, అంటే ఒక్క సబ్జెక్టుకే పరిమితం కాకుండా ఆర్ట్సూ సైన్సులూ కలిపి చదివించే అమ్మాయిల కాలేజీలో, బీఏ చేశాను, డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగంలో పడి కూడా కొంత కాలం అయింది కాబట్టి ఇప్పుడు స్థిమితంగా రాయొచ్చు అనిపించింది. కాలేజీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే కొన్ని ఇబ్బందులు కూడా చెప్పాలి, అవి ఆ ఒక్క కాలేజీకే అంటగట్టడం నాకిష్టం లేదు, ఈ సైజు కాలేజీలన్నిట్లో ఎంతో కొంత ఉండేవే అవి.

ముందే చెప్పేస్తున్నా, ఇలాంటి చోట ఎవరికీ కనపడకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చేద్దాం అంటే కుదరదు. నాకు ఇక్కడ నచ్చినవన్నీ అందువల్లే వచ్చాయి, ప్రాణం విసిగించినవి కూడా అందువల్లే.

సైజు ఒక అంచనాకి రావాలంటే ఇలాంటి విమెన్స్ కాలేజీలే కొన్ని చూడండి, బ్రిన్ మార్ లో అండర్ గ్రాడ్స్ 1400 చిల్లర, స్క్రిప్స్ లో 1100 దగ్గర్లో, స్మిత్, వెల్స్లీ కొంచెం పెద్దవి అంటే అవి కూడా 2500 అటూ ఇటూ. అంటే ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో రెండు మూడు హాస్టల్ బిల్డింగుల్లో ఉండే జనం ఇక్కడ మొత్తం కాలేజీ అన్నమాట. రెండో సెమిస్టర్ కల్లా డైనింగ్ హాల్ లో తెలీని మొహం కనపడదు.

క్లాసుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బులు పెట్టేది దానికే కదా. నా సెమినార్లు చాలావరకు ఒక టేబుల్ చుట్టూ పది పదిహేను మందిమి కూర్చునేవే, వెనక బెంచీ అంటూ ఏమీ ఉండదు, ప్రొఫెసర్ ప్రశ్న అడిగి ఊరికే కూర్చుంటారు, ఎవరో ఒకరు మాట్లాడేదాకా అలా నిశ్శబ్దంగానే ఉంటుంది, ఆవిడ మాత్రం ఆ నిశ్శబ్దాన్ని పూడ్చరు. మొదట్లో నాకు ఆ ఒక్క నిమిషం గంటలా ఉండేది. ఒకసారి హిస్టరీ సెమినార్ లో నేనేదో సగం సగం ఆలోచన ఒకటి అన్నాను, ఇంటికి దూరంగా చదువుకునే అమ్మాయిలు అప్పట్లో ఇంటికి నిజంగా ఏం రాసేవాళ్ళో అని, అంతే, నేను ఆ మాట మర్చిపోయాను కూడా. తర్వాతి వారం ప్రొఫెసర్ క్లాసుని లైబ్రరీ ఆర్కైవ్స్ కి తీసుకెళ్ళారు, బ్యాగులు బయట పెట్టించి పెన్నులు తీసేసుకుని తలా ఒక పెన్సిల్ ఇచ్చి, ఒక్కొక్కరి ముందు ఒక ఫోల్డర్ పెట్టారు. నా ఫోల్డర్ లో 1870ల్లో మా కాలేజీలోనే చదివిన ఒక అమ్మాయి ఇంటికి రాసిన ఉత్తరం. కాయితం అయిపోయినట్టుంది, అడ్డంగా రాసిన లైన్ల మీదే కాయితం తిప్పి నిలువుగా మళ్ళీ రాసింది, మొదట అస్సలు అర్థం కాలేదు, తల వంచి కాసేపు చూస్తూ ఉంటే ఒక వైపు లైన్లు కళ్ళకి అలవాటై మెల్లగా చదవగలిగాను. బూట్లకి డబ్బులు పంపమనీ, లాటిన్ బానే సాగుతోందనీ, తమ్ముడికి దగ్గు తగ్గిందా అనీ. నా సీనియర్ థీసిస్, అంటే ఆఖరి ఏడాది రాసే పెద్ద పరిశోధన వ్యాసం, అక్కడే పుట్టింది. రెండొందల మంది లెక్చర్ హాల్ లో నేను ఆ మాట అని ఉండేదాన్నే కాదు, అన్నా ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇంకో పక్క ఏంటంటే, ఒక్క క్లాసు ఎగ్గొడితే సాయంత్రానికల్లా ‘అంతా బానే ఉందా’ అని మెయిల్ వస్తుంది, రీడింగ్ చెయ్యకుండా వెళ్తే టేబుల్ దగ్గర అందరికీ తెలిసిపోతుంది. ఒంట్లో బాలేని రోజు కూడా మొహం బానే ఉన్నట్టు పెట్టుకుని కూర్చోవాల్సి రావడం చాలా అలుపు, ఇది ముందు ఎవరూ చెప్పరు.

పరీక్షల విషయం చెప్పకపోతే ఈ రివ్యూ దండగ. మా దగ్గర హానర్ కోడ్ ఉండేది, అంటే కాపీ కొట్టం అని స్టూడెంట్స్ ఇచ్చే మాట మీదే నడిచే పద్ధతి, చాలా ఫైనల్స్ సెల్ఫ్ షెడ్యూల్డ్, అంటే పరీక్షల వారంలో ఏ రోజు ఏ పూట ఏది రాయాలో మనమే తేల్చుకుంటాం, వెళ్ళి కవర్ తీసుకుని టైమ్ వేసుకుని, ఖాళీ రూమ్ చూసుకుని రాసి, టైమ్ కల్లా తిరిగి ఇచ్చేస్తాం, ఇన్విజిలేటర్ ఉండరు. బ్రిన్ మార్ లో అయితే స్టూడెంట్స్ తమ వ్యవహారాలు తామే చూసుకునే సెల్ఫ్ గవర్నమెంట్ 1892 నుంచీ నడుస్తోంది. ముందు రాసినవాళ్ళు తర్వాత రాసేవాళ్ళకి పేపర్ ఈజీయా కష్టమా అని కూడా చెప్పకూడదు, నిజంగానే చెప్పరు, నా రూమ్మేట్ నాకంటే రెండు రోజుల ముందు ఎకనామిక్స్ రాసి వచ్చి ఆ ఊసే ఎత్తలేదు. మనల్ని పెద్దవాళ్ళలా చూస్తే మనం పెద్దవాళ్ళలా ఉంటాం అనేది నేను అక్కడ కళ్ళారా చూశాను.

అమ్మాయిలే ఉండటం వల్ల ఏం తేడా అని అందరూ అడుగుతారు. క్యాంపస్ లో ప్రతి పనీ చేసేది అమ్మాయే కదా, స్టూడెంట్ గవర్నమెంట్ ప్రెసిడెంట్, పేపర్ ఎడిటర్, నాటకానికి లైట్లు ఎక్కించేది, ల్యాబ్ లో పంప్ చెడిపోతే విప్పేది, అందరూ. కొన్నాళ్ళకి అది మామూలైపోతుంది, మామూలైపోవడమే గొప్ప సంగతి. అది నాకు తెలిసొచ్చింది బస్సెక్కి దగ్గర్లోని పెద్ద యూనివర్సిటీలో ఒక క్లాసు తీసుకున్నప్పుడు, అక్కడ గ్రూప్ ప్రాజెక్ట్ లో నోట్స్ రాసే పని అడక్కుండానే నా చేతికి వచ్చింది, నేను కోడ్ చేస్తాను నోట్స్ ఇంకొకరు రాయండి అని వెంటనే అనేశాను, అలా అనడానికి ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు. పొగరు అనుకున్నారేమో తెలీదు, కానీ ఆ మాట అలవాటుగా వచ్చేసింది. సైన్సులు బలహీనంగా ఉంటాయేమో అనే భయం కూడా అక్కర్లేదు, స్మిత్ లో సొంత ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, మొదటి బ్యాచ్ 2004లో బయటికొచ్చింది.

‘అబ్బాయిలే ఉండరా’ అనేవాళ్ళకి చెప్పేదేంటంటే, ఈ కాలేజీలు చాలావరకు అబ్బాయిలు కూడా చదివే పక్క కాలేజీలతో కలిసి నడుస్తాయి. స్మిత్, మౌంట్ హోల్యోక్ వాళ్ళు ఆమ్హర్స్ట్ లోనూ, యూమాస్ ఆమ్హర్స్ట్ లోనూ క్లాసులు తీసుకోవచ్చు, బ్రిన్ మార్ కి హావర్ఫర్డ్, స్వార్త్‌మోర్ ఉన్నాయి, వెల్స్లీ కి ఎంఐటీ, బార్నార్డ్ కి రోడ్డు దాటితే కొలంబియా. అదీ కాక ట్రాన్స్, నాన్ బైనరీ స్టూడెంట్స్ ని 2014 నుంచి ఒక్కో కాలేజీ అధికారికంగా తీసుకోవడం మొదలుపెట్టింది, రూల్స్ కాలేజీకొకలా ఉంటాయి, నా హాస్టల్ ఫ్లోర్ లోనే ఉండేవాళ్ళు, మంచి స్నేహితులు.

సంప్రదాయాలంటే వీళ్ళకి ప్రాణం. బ్రిన్ మార్ లో ఫస్ట్ ఇయర్స్ కి లాంతర్లు ఇచ్చే లాంటర్న్ నైట్, మౌంట్ హోల్యోక్ లో 1838 నుంచీ ఉన్న మౌంటెన్ డే, ముందుగా తేదీ చెప్పరు, శరదృతువులో ఒక పొద్దున్న గంటలు మోగుతాయి, ఆ రోజు క్లాసులు రద్దు, అందరూ కొండెక్కడమే. స్మిత్ లోనూ ఉంది. మాకూ అలాంటివి ఉండేవి, వివరంగా చెప్తే కాలేజీ ఏదో తెలిసిపోతుంది కాబట్టి వదిలేస్తున్నా, కానీ ఇంటికి దూరంగా ఉన్న మొదటి నెలల్లో సీనియర్లు తలుపుకి కాగితం పూలు కట్టి పేరు రాసి పెట్టడం ఎంత ధైర్యం ఇస్తుందో నాకు తెలుసు.

ఇక కష్టాలు. అన్నిటికంటే పెద్దది కోర్సులు. డిపార్ట్మెంట్ లో నలుగురైదుగురు ప్రొఫెసర్లు ఉంటే అందులో ఒకరు సబాటికల్ మీద, అంటే పరిశోధన కోసం పెట్టే పెద్ద సెలవు మీద, వెళ్తే మనకి కావాల్సిన కోర్సు ఆ ఏడాది లేనట్టే, కొన్ని కోర్సులు రెండేళ్ళకోసారే వస్తాయి. మూడో ఏడు ఫారిన్ వెళ్ళి చదవాలనుకుంటే ఆ లెక్క రెండో ఏడులోనే వేసుకోవాలి. పక్క కాలేజీలో తీసుకోవచ్చు కదా అంటారు, తీసుకోవచ్చు, కానీ వాళ్ళ టైమ్ టేబుల్ మన టైమ్ టేబుల్ తో కలవదు, మధ్యాహ్నం భోజనం బస్ లోనే తినడం అలవాటైపోతుంది, మంచు పడిన రోజు బస్ ఆలస్యమైతే అక్కడి క్లాసు పోయినట్టే.

రెండోది, గొడవ పడితే తప్పించుకునే చోటు ఉండదు. ఫ్రెండ్ తో మాటలు ఆగిపోయాయనుకోండి, ఆ మనిషే డైనింగ్ హాల్ లో, సెమినార్ లో, క్లబ్ మీటింగ్ లో, మెట్ల మీద. నేను ఒక సెమిస్టర్ అంతా అలా గడిపాను, భోజనానికి వేళ కాని వేళల్లో వెళ్ళేదాన్ని. చివరికి ఇద్దరం కూర్చుని మాట్లాడుకోక తప్పలేదు, అది మంచికే అయింది, కానీ ఆ నెలలు నరకం.

మూడోది అందరూ అన్నీ చేసేస్తుంటారు. రెండు మేజర్లు (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టులు), క్యాంపస్ జాబ్, మూడు క్లబ్బులు, నిద్ర లేకపోవడం గొప్ప అన్నట్టు మాట్లాడటం. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, అప్పుడు అది ఇంకా బరువుగా ఉంటుంది. కౌన్సెలింగ్ అపాయింట్మెంట్ కి నేను చాలా రోజులు ఆగాల్సి వచ్చింది, దీని మీద నాకు ఇప్పటికీ కోపమే.

డబ్బు సంగతి, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ జాగ్రత్తగా చదవండి. ఎయిడ్ (ఫీజుకి కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) అడగడం అడ్మిషన్ మీద ప్రభావం చూపిస్తుంది చాలా చోట్ల, అయినా అవసరం ఉంటే మొదట్లోనే అడగాలి, అప్పుడు అడక్కపోతే తర్వాత మూడేళ్ళూ ఇవ్వం అనే కాలేజీలే ఎక్కువ. ఎఫ్ వన్ (స్టూడెంట్) వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ లో వారానికి 20 గంటల దాకానే పని చెయ్యొచ్చు, ఆ డబ్బు చేతిఖర్చుకి సరిపోతుంది, ఫీజుకి సరిపోదు. చదువయ్యాక అదే వీసా మీద ఉద్యోగం చెయ్యనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్ట్ లో ఉన్న మేజర్ అయితే ఇంకో 24 నెలలు, కాబట్టి మేజర్ డిక్లేర్ చేసేముందు అది ఏ కోడ్ కింద ఉందో రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. ఒకే పేరున్న మేజర్ ఒక కాలేజీలో స్టెమ్, ఇంకోచోట కాదు.

పేరు తెలీకపోవడం కూడా ఒక తలనొప్పే. బంధువులకి తెలీదు, కొన్ని కంపెనీల హెచ్ ఆర్ వాళ్ళకీ తెలీదు. దానికి విరుగుడు పూర్వ విద్యార్థినులు. నేను మొహం కూడా తెలీని ఒకావిడకి, నా కంటే ముప్పై ఏళ్ళు సీనియర్, నాలుగు లైన్ల మెయిల్ పెడితే మర్నాడే ఫోన్ చేసి గంటసేపు నా రెజ్యూమె లైను లైనూ చదివించి మార్పించారు. ఆ అభిమానం ఎంతదూరం వెళ్తుందో చూడాలంటే స్వీట్ బ్రయర్ అనే ఇంకో విమెన్స్ కాలేజీ సంగతి చూడండి, 2015 మార్చిలో కాలేజీ మూసేస్తున్నాం అని బోర్డు ప్రకటిస్తే పూర్వ విద్యార్థినులు కోర్టుకెళ్ళి విరాళాలు పోగేసి ఆ వేసవికల్లా నిలబెట్టుకున్నారు. కానీ అందరికీ అలా జరగలేదు, మిల్స్ కాలేజీ 2022లో నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో కలిసిపోయింది. 1960 ప్రాంతంలో ఇలాంటి కాలేజీలు అమెరికాలో 200 పైనే ఉండేవి, ఇప్పుడు 40 లోపే. కాబట్టి చేరేముందు ఎండోమెంట్ (కాలేజీకున్న మూలనిధి) ఎంత, గత కొన్నేళ్ళలో చేరేవాళ్ళ సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా అనేది తప్పకుండా చూసుకోవాలి.

క్యాంపస్ చూడ్డానికి వెళ్తే టూర్ గైడ్ చూపించే చెరువు, పాత లైబ్రరీ చూడండి, బాగుంటాయి, కానీ మీ మేజర్ లో గత నాలుగు సెమిస్టర్లలో నిజంగా ఏ కోర్సులు నడిచాయో లిస్ట్ అడిగి తీసుకోండి, కేటలాగ్ లో ఉన్నవన్నీ నడవవు. శనివారం రాత్రి ఆఖరి బస్ ఎన్నింటికో అడగండి. కౌన్సెలింగ్ కి ఎన్ని రోజులు పడుతుందో స్టూడెంట్స్ నే అడగండి. వీలైతే ఒక సెమినార్ లో కూర్చుని, ప్రొఫెసర్ ప్రశ్న అడిగాక వచ్చే ఆ నిశ్శబ్దంలో మీకు మాట్లాడాలనిపిస్తోందా పారిపోవాలనిపిస్తోందా చూసుకోండి. పారిపోవాలనిపించినా పర్లేదు, నాకూ అలాగే అనిపించింది మొదట్లో, రోజూ అనిపిస్తే మాత్రం ఇంకో కాలేజీ చూసుకోండి.