గండికోట ఏసీ టెంటూ, మా ఎండాకాలం తిరుగుళ్లూ

మే నెలలో గండికోట వెళ్లేవాళ్లకి ముందే చెబుతున్నాను: లోయ అంచునే టెంట్లు, కాటేజీలు అని ఫోన్లో ఫోటోలు పంపేవాళ్లకి అడ్వాన్సు కట్టకండి. ఓ పదిహేను కిలోమీటర్లు వెనక్కి వస్తే జమ్మలమడుగు ఉంది, అక్కడ మామూలు లాడ్జిలో దిగండి. మేము ఒక్క రాత్రికి రూ.5,700 కట్టి, తెల్లవార్లూ అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నాం. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నాను. తిరిగిన చోట్లలో మంచివి కూడా ఉన్నాయి, వాటినీ దాచను.

పిల్లలకి ఏప్రిల్ 24న సెలవులిచ్చారు. మళ్లీ బడి తెరిచేది జూన్ 12న. అన్నాళ్లపాటు ఇద్దరినీ హైదరాబాదు ఎండలో ఫ్లాట్‌లో పెట్టుకుని కూర్చోవడం నావల్ల అయ్యే పని కాదు. మావారికి పెద్ద సెలవు దొరకదు కాబట్టి, శనాదివారాలకి ఒక సోమవారం కలుపుకుని కారులో తిరిగొచ్చేలా ప్లాన్లు వేశాం. అత్తయ్య ప్రతిసారీ "నేనెందుకమ్మా, మీరు వెళ్లి రండి" అంటారు. బయల్దేరే రోజు మాత్రం అందరికంటే ముందు ఆవిడ సంచీయే లిఫ్ట్ దగ్గర ఉంటుంది.

శ్రీశైలం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. దర్శనం బాగా అయింది, రూము శుభ్రంగా ఉంది. నల్లమల అడవి దారి రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్లీ పొద్దున ఆరుకి తెరుస్తారు. అది చూసుకుని బయల్దేరితే చాలు.

అసలు కథ కర్నూలు వైపు ట్రిప్పులో ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. మొదటి టోల్‌గేట్ దగ్గరే ఫాస్టాగ్ పనిచేయలేదు. కేవైసీ అప్‌డేట్ చేయమని బ్యాంకు వాళ్లు పంపిన మెసేజ్‌లన్నీ మావారి ఫోన్లో చదవకుండా పడున్నాయి. వెనక లారీ హారన్లు, ముందు బూత్‌లో కుర్రాడి చిరాకు. డబ్బు కట్టి బయటపడ్డాక ఆయన షాద్‌నగర్ దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

హైవే దిగి బేతంచెర్ల దారి పట్టాక కారులో ఏసీ ఆగిపోయింది. బయట ఎండ మాడ్చేస్తోంది. రోడ్డుకి రెండు పక్కలా బండలు కోసే పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి దుమ్ము. అద్దం దింపితే దుమ్ము, ఎత్తితే ఉడుకు. అత్తయ్య కొంగు తడిపి నెత్తిన వేసుకున్నారు. బేతంచెర్లలో ఒక చిన్న షెడ్డు కనిపిస్తే ఆపాం. ఇక గ్యాస్ నింపాలి, కంప్రెసర్ మార్చాలి అంటాడు, పదివేలకి తక్కువ కాదు అని మావారు నా చెవిలో గొణిగారు.

ఆ మెకానిక్ బానెట్ ఎత్తి, టార్చి వేసి, చెయ్యి లోపలికి పెట్టి వేరుశనగ తొక్కలు బయటికి తీశాడు. ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు, తర్వాత పీచు, ఒక బిస్కెట్ ప్యాకెట్ ముక్క. "ఏం కాలేదు అన్నా, ఎలుక కాపురం పెట్టింది. వైరు కొరికేసింది" అన్నాడు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలున్నాయని అసోసియేషన్ మీటింగ్‌లో నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. తెగిన వైరు రెండు చివర్లూ గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి స్టార్ట్ చేయమన్నాడు. చల్లగాలి వచ్చింది. ఎంత అంటే రెండొందలు అన్నాడు. మావారు ఐదొందలు ఇవ్వబోతే మూడొందలు తిరిగిచ్చేశాడు. వెళ్లేముందు బానెట్ లోపల పొగాకు కాడలు పెట్టుకోమని, ఎలుకలు రావని సలహా కూడా ఇచ్చాడు. మొత్తం ట్రిప్పులో సర్వీసు అంటే ఇదీ అనిపించింది ఇక్కడే.

యాగంటిలో అంతా సాఫీగా జరిగింది. కొండ సందులో గుడి, కోనేట్లో చల్లటి నీళ్లు. నంది పెరుగుతూనే ఉందని అక్కడ అందరూ చెబుతారు, అత్తయ్య చేత్తో కొలిచి మరీ నమ్మారు. రాళ్లు కాలిపోతాయి, సాక్సులు తీసుకెళ్లండి.

బెలూం గుహల దగ్గర మాత్రం ఒక అపోహ పోగొట్టాలి. గుహ కదా, ఏసీ గదిలా చల్లగా ఉంటుందని అనుకుని మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి వెళ్తారు చాలామంది. లోపల ఉక్కపోత. గాలికోసం అక్కడక్కడా పెట్టిన గొట్టాల కింద జనం నిలబడితే ఇక కదలరు. మా ముందున్న ఒకాయన బనియన్ పిండుకుంటూ నడిచాడు. అయినా వెళ్లి తీరాల్సిన చోటే. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిప్పేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే దీని గురించి రాశాడు. అప్పట్లో ఈ మెట్లూ లైట్లూ లేకుండా ఎలా దిగాడో మరి! భూగర్భంలో పారిన నీళ్లు సున్నపురాయిని కరిగించి చేసిన దారులివి. గోడల మీద చెయ్యి వేస్తే నీళ్లు నునుపు చేసిన వంపులు తెలుస్తాయి. ఒకచోట కప్పు పాము పడగల్లా ఉంటుంది, వేయి పడగలు అని పేరు పెట్టారు. చిన్నోడు ఇరవై దాకా లెక్కపెట్టి "వెయ్యి లేవు, అబద్ధం" అని తేల్చేశాడు. గుహలో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, అక్కడిదాకా వంగి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఉండటం మంచిది. అత్తయ్య బయట చెట్టు కింద కూర్చుని, వరంగల్ నుంచి వచ్చిన ఒక కుటుంబంతో సంబంధాల గురించి మాట్లాడుకున్నారు. పొద్దున తెరవగానే వెళ్లండి, ఒక నీళ్ల సీసా చేతిలో ఉంచుకోండి.

సాయంత్రం ఆరవుతుండగా గండికోట చేరాం. టెంటు ముందే బుక్ చేశాం: నలుగురికి రాత్రి భోజనంతో రూ.4,800, ఐదో మనిషికి రూ.900. ఫోన్లో మాట్లాడినప్పుడు "ఏసీ ఉంది, అటాచ్డ్ బాత్రూమ్ ఉంది, లోయ వ్యూ" అన్నాడు మేనేజరు. వెళ్లి చూస్తే ఏసీ ఉన్నమాట నిజమే. టార్పాలిన్ గుడ్డకి రంధ్రం చేసి బిగించారు. చుట్టూ వేలెడంత సందు, ఆ సందులో గుడ్డలు కుక్కారు. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ టక్కుమని ఆగిపోతోంది.

"వోల్టేజీ తక్కువుంది మేడమ్, పది దాటాక అందుకుంటుంది."

పది దాటాక కరెంటే పోయింది. జనరేటర్ ఉందిగా అంటే ఉందట, గంటకి మూడొందలు అదనమట. సరే వెయ్యండి అన్నాం. వేశాక చూస్తే దానికి లైట్లు, ఫ్యాన్లు మాత్రమే నడుస్తాయి, ఏసీ లోడు లాగదు. ఆ ముక్క ముందే ఎందుకు చెప్పలేదని మావారు అడిగితే "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. లోయ వ్యూ అంటే టెంటు వెనక తడికె, తడికె అవతల ముళ్లపొదలు, ఆ పైన ఎక్కడో లోయ. అటాచ్డ్ బాత్రూమ్ నాలుగు టెంట్లకి ఒకటి. కుళాయి తిప్పితే ఎండకి కాగిన ట్యాంకు నీళ్లు, రాత్రి పదిన్నరకి కూడా చెయ్యి పెట్టలేకపోయాం.

భోజనం అన్నది చల్లారిన వెజ్ బిర్యానీ, నీళ్ల రైతా. పాప రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది. అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు, నవ్వుతూ: "క్యాంప్ ఫైర్ వెయ్యమంటారా మేడమ్? ఐదొందలే." సాయంత్రం కారు మీటరు 43 డిగ్రీలు చూపించింది. అత్తయ్య వాణ్ణి ఎగాదిగా చూసి "నాయనా, ఆ ఐదొందలు నేనిస్తాను, ఎక్కడైనా ఐసుగడ్డ తెచ్చిపెట్టు" అన్నారు. వాడు పాపం నిజంగానే వెళ్లాడు, ఐసు దొరకలేదని అరగంటకి తిరిగొచ్చాడు. వాడిమీద నాకు ఏ కోపమూ లేదు.

పక్క టెంటులో బెంగళూరు కుర్రాళ్లు స్పీకర్ పెట్టి ఒంటిగంట దాకా పాటలు. మావారు కారులో ఏసీ వేసుకుని పిల్లలిద్దర్నీ పడుకోబెట్టారు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి అలా పడుకోవడం ప్రమాదమని నేను గొడవ పెట్టాను, చివరికి అద్దాలు దించి డోర్లు తీసి కూర్చున్నారు. నేనూ అత్తయ్యా బయట నవారు మంచం మీద. ఆ రాత్రి మేము పోట్లాడుకోని విషయం లేదు. పెళ్లినాటి లాంఛనాల దాకా వెళ్లింది.

తెల్లారి ఐదున్నరకి లోయ అంచుకి నడిచాం, ఎలాగూ నిద్ర లేదు కదా. ఎర్రమల కొండల్ని పెన్నా నిలువునా కోసుకుంటూ పోయింది. రెండు వైపులా పలకలు పలకలుగా పేర్చినట్టు ఎర్రటి రాయి, అడుగున సన్నగా నీళ్లు. ఎండ ముందు అవతలి గట్టు అంచు మీద పడి, మెల్లగా కిందికి దిగింది. మావారు రాత్రి నుంచి మొదటిసారి నాతో మామూలుగా మాట్లాడారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: చాలాచోట్ల అంచుకి రెయిలింగ్ లేదు, బండల మీద ఇసుక జారుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం చివరి బండ ఎక్కేవాళ్లని చూస్తే నాకే కాళ్లు వణికాయి. కోటలో మాధవరాయ స్వామి గుడి గోపురం, జామా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, అన్నీ ఎనిమిదిలోపు చూసెయ్యొచ్చు. తొమ్మిదయ్యాక అక్కడ నీడ వెతుక్కోవాలి.

టెంటు ఖాళీ చేసి జమ్మలమడుగు వచ్చి ఒక లాడ్జిలో దిగాం. ఏసీ రూము రూ.1,400, అదనపు పరుపుకి రూ.200. గోడలకి పాన్ మరకలున్నాయి, టీవీ పనిచేయదు. అయితేనేం, ఏసీ పనిచేసింది. అత్తయ్యకి మెట్లు కష్టమని చూసి, అడక్కుండానే కింద గది ఇచ్చారు. స్నానాలు చేసి మధ్యాహ్నం దాకా చచ్చినట్టు పడుకున్నాం.

భోజనానికి లాడ్జి వాచ్‌మన్ చెప్పిన మెస్‌కి వెళ్లాం. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒకామె వండుతుంది, భర్త వడ్డిస్తాడు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ప్లేటు రూ.180. సంగటి ముద్ద పొగలు కక్కుతూ వచ్చింది. మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోశాడు, దాని మీద పులుసు. మిరియం ఘాటు గొంతులో తగిలాక గానీ కారం ఎంతుందో తెలియలేదు. అత్తయ్య మాంసం ముట్టరని చెబితే ఆమె లోపల్నుంచే "పెద్దమ్మకి నేను చేసిపెడతా, పది నిమిషాలుండు" అంది. రోట్లో వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి ఊరిబిండి నూరి తెచ్చింది, గోంగూర పప్పుతో. ఇంట్లో నేను ఏం వండినా ఉప్పు ఎక్కువ, పులుపు తక్కువ అనే మనిషి రెండో ముద్ద అడిగి తిన్నారు. ఆమె పెద్దమ్మ దగ్గర డబ్బులు వద్దంది, మేము బలవంతంగా బల్ల మీద పెట్టి వచ్చాం. దారిలో అత్తయ్య "నువ్వూ రోట్లో నూరితే బావుంటుందేమో" అన్నారు. నేను కిటికీ వైపు చూశాను.

మర్నాడు తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూసుకుని, బనగానపల్లె మీదుగా వెనక్కి. మామిడిపండ్లు కొనకుండా ఆ ఊరు దాటితే పాపం. బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అయినా రోడ్డు పక్కన బండ్ల మీద పచ్చటి పసుపు రంగులో మెరిసేవన్నీ నమ్మొద్దు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. మేము ఊరి బయట తోటలో కిలో రూ.60 చొప్పున ఇరవై కిలోలు తీసుకున్నాం. "రంగు చూడొద్దక్కా, తొడిమ దగ్గర వాసన చూడు" అన్నాడు తోట కాపలా అతను. సగం పచ్చివే ఇచ్చి, వరిగడ్డిలో వరసలుగా సర్ది, రోజూ తిప్పుతుండమన్నాడు. ఒక్కటి కూడా పాడవలేదు.

మే చివర్లో బాపట్ల పిన్నిగారింటికి వెళ్లి సూర్యలంక సముద్రం కూడా చూశాం. అక్కడ పార్కింగ్ రసీదు మీద ముప్పై అని ఉంటే యాభై తీసుకుని, చిల్లర లేదంటూ పక్క కారు దగ్గరికి వెళ్లిపోయాడు ఒకడు. వాడి వెనకే వెళ్లి నిలబడితే ఇరవై వచ్చింది, కాబట్టి నిలబడండి. చిన్నోడి చెప్పు ఒకటి అల తీసుకుపోయింది. రెండోది ఎందుకురా అంటే అలకి జత కావాలి కదా అని దాన్నీ విసిరేశాడు.

టెంటు విషయం వదల్లేదు. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, "ఏసీ ఉంది" అని వాడు పంపిన మెసేజ్, కంప్రెసర్ ఆగిపోతున్న వీడియో, మూడూ పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. వారం తర్వాత ఆ మేనేజరే ఫోన్ చేశాడు, గొంతు చాలా మర్యాదగా ఉంది. "మేడమ్, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే రెండు వేలు వేస్తాం" అన్నాడు. ముందు డబ్బు వెయ్యి, తర్వాత మాట్లాడదాం అన్నాను. రెండు వేలు వచ్చాయి. జనరేటర్ తాలూకు మూడొందలు కూడా రావాలని చెప్పి, ఫిర్యాదు అలాగే ఉంచాను.