29 లాకులు, సీటు పోయిన సైకిలు

ఇంగ్లండులో చాలావరకు కార్లు రాని దారుల్లో మూడు రోజులు సైకిలు తొక్కి వచ్చాం. దారి గురించి నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఉన్న కోపమంతా మొదటి రాత్రి పడుకున్న చోటు మీదే. అది కక్కేస్తే గానీ మిగతాది రాయలేను.

మా తమ్ముడు ధవళేశ్వరం నుంచి రెడింగ్‌లోని మా ఇంటికి వచ్చాడు. లండన్ చూపిస్తామంటే, "రద్దీ హైదరాబాదులో చాలా చూశానక్కా, పల్లెలు చూపించు" అన్నాడు. మా ఆయనకు సైకిలంటే పిచ్చి, సాకు దొరికింది. బ్రిస్టల్ నుంచి బాత్‌కు, అక్కడి నుంచి సొరంగాలు దాటి, కాలువ గట్టు పట్టుకుని బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌కు, మూడో రోజు డివైజెస్ దాకా. సొంత సైకిళ్లు తీసుకెళ్దామంటే మూడింటికీ ఒకే రైల్లో చోటు దొరకలేదు. బ్రిస్టల్‌లోనే అద్దెకు తీసుకున్నాం. మూడు రోజులకు సైకిలుకు 60 పౌండ్లు, తాళంతో సహా.

మొదటి రోజు హాయిగా గడిచింది. బ్రిస్టల్, బాత్‌ల మధ్య 13 మైళ్లు, అంటే 21 కిలోమీటర్లు. 1960ల్లో మూతపడిన రైలు మార్గం మీద 1979లో పని మొదలుపెట్టి 1986కి పూర్తి చేసిన తారు బాట ఇది. రైలు కోసం వేసిన దారి కాబట్టి చెప్పుకోదగ్గ ఎక్కుడే లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా నిశ్చింతగా వెళ్లవచ్చు. మధ్యలో బిట్టన్ స్టేషన్‌లో పాత ఆవిరి ఇంజన్ల పక్కన టీ తాగాం.

ఇక బాత్‌లోని ఆ అతిథిగృహం. పేరు రాయను, రాస్తే నా కోపానికి ఉచిత ప్రచారం అవుతుంది. ముగ్గురికి ఒకే గది, 154 పౌండ్లు. నేను ఆ ధరకు ఒప్పుకున్నది ఒక్క వాక్యం చూసి: సైకిళ్లకు భద్రమైన చోటు ఉంది. వెళ్లి చూస్తే ఆ భద్రమైన చోటు ఇంటి వెనక చెత్తడబ్బాల పక్కన ఒక ఇనుప కడ్డీల వరస. పైకప్పు లేదు. సందులోకి తెరుచుకునే గేటుకు గడియ ఉంది గానీ తాళం లేదు. పైగా సైకిలుకు రాత్రికి 5 పౌండ్లు, మూడింటికి 15. ఇది ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే యజమానురాలు మా బూట్ల వంక చూసి, తివాచీ మీద నిలబడవద్దంది. అదే జవాబు.

రాత్రి వాన. మా ఆయన రెండుసార్లు గొడుగు వేసుకుని కిందికి వెళ్లి చూసి వచ్చారు. మూడోసారి నిద్రపోయినట్టున్నారు. తెల్లారి చూస్తే మూడు సైకిళ్లూ ఉన్నాయి, తమ్ముడి సైకిలుకు మాత్రం సీటు లేదు. పైకీ కిందికీ జరుపుకోవడానికి మీట ఉండే రకం, ఒక్క చేత్తో ఊడి వస్తుంది. సీటు ఉండవలసిన గొట్టంలో వాననీళ్లు నిండి, దాని మీద ఒక ఎండుటాకు తేలుతోంది. ఆ ఆకును చూసేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

యజమానురాలు తొణకలేదు. గది తలుపు వెనక అంటించిన కాగితాన్ని వేలితో చూపించింది. ఎనిమిదో నంబరు: వాహనాలు ఉంచుకోవడం అతిథుల సొంత బాధ్యత. మరి 15 పౌండ్లు దేనికమ్మా అన్నాను. చోటుకు అంది. మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకు కోపం వస్తే మాట పడిపోతుంది, నాకు వస్తే ఆగదు. ఇద్దరి కోపాలూ కలిసి కూడా ఒక్క పౌండు వెనక్కి తేలేకపోయాయి. శాకాహార అల్పాహారం అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను: సగం కోసి కాల్చిన టమాటా, నాలుగు పుట్టగొడుగులు, డబ్బాలోంచి తీసిన బీన్స్. వాటి పక్కనే ఒక మాంసపు సాసేజ్. అది వద్దంటే పళ్లేనికి ఒక పక్కకు నెట్టి మళ్లీ తెచ్చి పెట్టింది.

సైకిళ్ల దుకాణం రెండు కిలోమీటర్ల దూరం. తమ్ముడు అంత దూరమూ పెడళ్ల మీద నిలబడే తొక్కాడు. చిన్నప్పుడు అద్దె సైకిలు సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాడికి సీటు లేకపోవడం ఒక లెక్కా! "బావా, సీటుకు కూడా అద్దె తీసుకుంటారని తెలిస్తే నిన్ననే ఊడదీసి పక్కలో పెట్టుకునేవాణ్ణి" అన్నాడు. మా ఆయన అప్పటికి నవ్వారు. కొత్త సీటు 38 పౌండ్లు, మన డబ్బుల్లో నాలుగు వేలకు పైనే. మీకు నా సలహా ఒక్కటే. భద్రమైన చోటు అన్న మాట నమ్మకండి. దానికి పైకప్పు ఉందా, తాళం ఉందా, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని మూడు ప్రశ్నలు రాసి పంపండి. జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. దొరికితే సైకిలును గదిలోకే తీసుకెళ్లనిచ్చే చోటే మేలు.

ఇంత జరిగాక ఆ రోజు ఇంకేమీ బాగుండదనుకున్నాను. కూమ్ డౌన్ సొరంగం నా మాట అబద్ధం చేసింది. బాత్‌కు దక్షిణాన రెండు సొరంగాలున్నాయి. మొదటిది 400 మీటర్లు, లోపలికి వచ్చిన సంగతి తెలిసేలోపే బయటపడతాం. రెండోది 1,672 మీటర్లు. 1966లో రైళ్లు ఆగిపోయాక దశాబ్దాల పాటు మూతపడి ఉండి, 2013లో సైకిళ్లకూ పాదచారులకూ తెరుచుకుంది. లోపలికి పోయిన కొద్దీ చెమట ఆరి చలి పట్టుకుంటుంది. పైనుంచి బొట్లు పడుతుంటాయి. గోడ మీద చెయ్యి వేస్తే పాత ఇంజన్ల మసి వేళ్లకు అంటింది. సగం దూరం పోయాక ఎక్కడి నుంచో వయొలిన్ లాంటి తీగల సంగీతం, గోడల్లో రంగు దీపాలు. ముందుకు పోతున్నకొద్దీ స్వరం మారుతోంది. మేము ముగ్గురమూ చెప్పుకోకుండానే తొక్కడం మెల్లగా చేశాం.

గాలి ఆడని సన్నటి సొరంగం ఇది. 1929 నవంబరులో ఒక గూడ్సు రైలు ఇందులో నెమ్మదిగా పోతుండగా పొగకు డ్రైవరూ, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మనూ స్పృహ తప్పారు. నడిపేవారు లేని రైలు అవతలి వాలున దిగి బాత్ గూడ్సు యార్డులో బోల్తా పడింది. డ్రైవరూ మరో ఇద్దరు రైల్వే ఉద్యోగులూ పోయారు. ఇది మా ఆయన సొరంగం మధ్యలో చెప్పారు. బయటికి వచ్చాక చెప్పవచ్చు కదా! తమ్ముడు ఆ తర్వాత ఎందుకో గట్టిగా తొక్కాడు. ఇంత అనుభవానికీ టిక్కెట్టు లేదు. ఒక చిన్న దీపమూ పలుచటి స్వెటరూ దగ్గర ఉంచుకోండి, చాలు.

మిడ్‌ఫర్డ్ దాటాక కొంతదూరం కార్లు తిరిగే సన్నటి పల్లె దారి, ఎక్కుడు కూడా ఉంది. నేను దిగి నడిపించుకుంటూ పోయాను, సిగ్గేమీ లేదు. పిల్లలతో వెళ్లేవారు ఈ ముక్క ముందే తెలుసుకుంటే మంచిది. డండాస్ దగ్గర కెనెట్ ఏవన్ కాలువ తగులుతుంది. అక్కడ కాలువే నది మీదుగా రాతి వంతెన ఎక్కి పోతుంది. కింద నది, పైన పడవ. అక్విడెక్టు మనకు కొత్త కాదు గానీ, దాని మీద మనుషులు పూలకుండీలు పెట్టుకున్న పడవల్లో కాపురం ఉండటం కొత్త. గట్టు సన్నం, నడిచేవారిదే మొదటి హక్కు. గంట కొట్టి మెల్లగా పోవాలి. శనివారం అయితే వద్దు, అసలు కదలలేం. బ్రాడ్‌ఫర్డ్‌లో రెండో రాత్రి ఏ గొడవా లేకుండా నిద్రపోయాం, 118 పౌండ్లు, సైకిళ్లు మెట్ల కింద.

మూడో రోజు గట్టు మీద తారు లేదు, మట్టీ కంకరా. 18 కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. డివైజెస్ దగ్గర కేన్ హిల్ ఎక్కాక తమ్ముడు సైకిలు దిగి అలాగే నిలబడిపోయాడు. కొండ వాలు మీద వరసగా 16 లాకులు, అంటే నీళ్లు నింపి, వదిలి పడవను ఎత్తుపల్లాలు దాటించే తలుపుల తొట్లు, మెట్లు పేర్చినట్టు. కిందా పైనా ఉన్నవి కలిపితే 29. పడవ 237 అడుగులు ఎక్కడానికి ఐదారు గంటలు పడుతుంది. జాన్ రెన్నీ కట్టించిన ఈ కాలువ 1810లో పూర్తయింది, అంటే మన కాటన్ దొర ఆనకట్ట కంటే నలభై ఏళ్లు ముందు. మా తాతయ్య ధవళేశ్వరం లాకుల దగ్గర తలుపులు తెరిచి మూసే లస్కరు. తమ్ముడి బాల్యమంతా ఆ తలుపుల మీదే గడిచింది.

ఒక ముసలి దంపతుల పడవ లాకులోకి వస్తోంది. నీలం చొక్కా స్వచ్ఛంద సేవకుడొకడు ఇనుప కర్రతో మర తిప్పి నీళ్లు వదిలాడు. లాకులో నీటిమట్టం పైదానితో సమానం కాగానే తమ్ముడు ఎవరూ పిలవకుండానే వెళ్లి, తలుపుకు అమర్చిన పొడవాటి దుంగకు వీపు ఆనించి, మడమలు నేలకు తన్నిపెట్టి నెట్టాడు. ఆ భంగిమ అచ్చం తాతయ్యది. తలుపు నిశ్శబ్దంగా తెరుచుకుంది. పడవలోని ఆవిడ రెండు అల్లం బిస్కెట్లు చేతిలో పెట్టింది. మూడు రోజుల్లో మాకు ఎవరైనా ఊరికే ఇచ్చినవి అవే.

అక్కడి నుంచే అమ్మకు వీడియో ఫోను చేశాడు. అమ్మ చాలాసేపు చూసి, అక్కడ లస్కరుకు జీతం ఎంత ఇస్తారని అడిగింది. జీతం లేదమ్మా, వీళ్లు ఊరికే చేస్తారు అన్నాను.

"ఊరికేనా? అయితే వాణ్ణి అక్కడ ఎక్కువసేపు ఉంచకు" అంది.