నిబ్బరానికి ఇంగ్లీషు మాటలు: మారతహళ్ళి ఆదివారం తరగతి

బెంగళూరు మారతహళ్ళిలో తెలుగువారి కోసం ఆదివారం ఉదయాలు నడిచే ఒక ఇంగ్లీషు పదాల తరగతికి నేను ఆరు వారాలు వెళ్ళాను. దగ్గరి అర్థాలున్న మాటల మధ్య తేడాలు చెప్పడమే అక్కడి పని. మనసు నిలకడను తెలిపే మాటల కోసమే నేను చేరాను కాబట్టి, వాటికి కేటాయించిన రెండు వారాల గురించే రాస్తున్నాను.

నిరుడు ఒక అర్ధరాత్రి మా ఆఫీసులో సర్వర్లు ఆగిపోయినప్పుడు, మా బృందంలోని ఒక అమ్మాయి ఏమాత్రం తడబడకుండా తెల్లవారేలోగా అంతా చక్కబెట్టింది. ఆమె పనితీరును అంచనా వేసే అప్రైజల్‌లో నేను మెచ్చుకోలుగా ‘నాన్‌షలెంట్’ అని రాశాను. అది చదివిన పైఅధికారి, ఆమెకు పని మీద పట్టింపు లేదా అని అడిగారు. నిబ్బరమనుకొని నేను వాడిన మాటకు నిమ్మకు నీరెత్తినట్టు ఉండడమనే అర్థం ఉందని అప్పుడు తెలిసింది. కాగితం సరిదిద్దించగలిగాను గాని, ఆ అమ్మాయికి జరిగిన అన్యాయం మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ రెండింటిలో మొదటి వారం, పాఠం చెప్పే మేడమ్ నిఘంటువు తెరవలేదు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకోవడానికి దారానికి కట్టి వేలాడదీసే గుండును బల్ల అంచున వదిలి, అది అటూ ఇటూ ఊగి కదలకుండా నిలిచేదాకా మమ్మల్ని చూస్తూ ఉండమన్నారు. ఆ తరువాతే బోర్డు మీద ‘అప్లామ్’ అని రాశారు. ఆ గుండు చూపే నిలువు అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిన పదమిది. ఇబ్బందికరమైన ఘడియలో కూడా తొణకకుండా, తన మీద తనకున్న నమ్మకంతో పని నెరవేర్చే తీరును చెబుతుంది. ఆ దారం కళ్ళముందు ఉన్నంతకాలం ఈ మాటను నేను మరచిపోను.

‘కంపోజర్’ (composure) మీద జరిగిన చర్చ అన్నిటికన్నా విలువైనది. కంపోజ్ అంటే కూర్చడం; లోపల అలజడి ఉన్నా మనిషి తనను తాను కూడదీసుకొని నిలవడం కంపోజర్. అందుకే దాన్ని పోగొట్టుకోవచ్చు, మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనం గుండె చిక్కబట్టుకోవడం, తమాయించుకోవడం అనేవి దీనికి చాలా చేరువ. తండ్రి పోయిన ఇంట్లో, వచ్చినవారికి మంచినీళ్ళు అందిస్తూ తిరిగే పెద్దకూతురిని మేడమ్ ఉదాహరణగా చెప్పినప్పుడు తరగతి మొత్తం నిశ్శబ్దమైంది.

‘ఈక్వనిమిటీ’ లాటిన్‌లో సమమైన మనసు అనే అర్థమున్న మాటల నుంచి వచ్చింది. మేడమ్ గీత రెండో అధ్యాయంలోని ‘సమత్వం యోగ ఉచ్యతే’ను గుర్తుచేసి, దీన్ని స్థితప్రజ్ఞతతో సమానం చేశారు. సమచిత్తత వరకు నేను ఒప్పుకుంటాను. కానీ బదిలీ వార్తను ఈక్వనిమిటీతో విన్నాడని ఇంగ్లీషులో మామూలుగానే రాస్తారు, అంతమాత్రానికి అతడు స్థితప్రజ్ఞుడు కానక్కరలేదు. ఇక ‘పాయిజ్’కు మూలం తూకం, బరువు; నడకలో, మెడ నిలిపే తీరులో, చేతుల కదలికలో కనిపించే హుందాతనం అది. అన్నిటికన్నా విశాలమైనది ‘కామ్’. సముద్రానికైనా మనిషికైనా సరిపోతుంది.

లోటు ఎక్కడంటే, ‘సాంఫ్ర్వా’ (sangfroid)ను చివరి పది నిమిషాల్లో తేల్చేశారు. చల్లని నెత్తురు అనే ఈ ఫ్రెంచి మాట ప్రమాదంలో చెక్కుచెదరని ధైర్యాన్ని మెచ్చుకుంటుంది. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి ‘కోల్డ్ బ్లడెడ్’ అంటే హంతకుడి క్రూరత్వం గుర్తొస్తుంది. నాలాంటివారు జారిపడేది సరిగ్గా ఇలాంటిచోటే కాబట్టి, దీనికి ఒక గంటైనా ఇవ్వవలసింది. పంచిన కాగితాల్లో ఉచ్చారణ కూడా లేదు. అప్లామ్ చివర ‘బ’ పలకదని నేను అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఇంగ్లీషు బాగానే వచ్చి, ఇతరుల గురించి సిఫారసు లేఖలూ అప్రైజల్‌లూ రాయవలసిన ఉద్యోగులకు ఈ తరగతిని గట్టిగా సూచిస్తాను. మాట్లాడడం మొదటినుంచి నేర్చుకోవాలనుకునేవారికి ఇది పనికిరాదు. ఈ ఏడాది ఆ అమ్మాయి అప్రైజల్‌లో నేను ‘కంపోజ్డ్’ అని రాసి, ఆ రాత్రి ఏం జరిగిందో కింద మూడు వాక్యాల్లో వివరించాను.