ఈసీజీ చదవడంలో మిషన్ ముందా, డాక్టర్ కన్ను ముందా?

నైట్ డ్యూటీలో సిస్టర్ ఈసీజీ కాగితం చేతిలో పెట్టగానే చూపు గీతల మీదికి పోదు. పైన మిషన్ అచ్చు వేసిన రెండు లైన్ల మీదికి పోతుంది. ‘నార్మల్’ అని ఉంటే ఊపిరి పీల్చుకుంటాం, ‘అక్యూట్ ఎంఐ’ (హార్ట్ ఎటాక్) అని ఉంటే టెన్షన్. వరంగల్‌లో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రెండు ఆర్ అలల (ప్రతి బీట్‌లో నిటారుగా లేచే గీతల) మధ్య పెద్ద గడులు లెక్కపెట్టి, 300ను దాంతో భాగించి రేటు చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ అంకె అచ్చయ్యే వస్తుంది. నేనేమో భూపాలపల్లి వైపు చిన్న ఆస్పత్రిలో, గుండె డాక్టరేమో హనుమకొండలో. మరి ఈ అచ్చు నాకు ఆసరానా, ఉచ్చా?

ఒక రాత్రి ఆయాసంతో రిటైరైన సింగరేణి కార్మికుణ్ని తెచ్చారు. మిషన్ ‘ఏట్రియల్ ఫ్లటర్’ (గుండె పై గదులు విపరీతమైన వేగంతో కొట్టుకోవడం) అంది. గీత కూడా రంపపు పళ్లలాగే ఉంది. రక్తం పలచబరిచే మందు రాయబోతుంటే ఆయన భార్య, "ఆ కుడిచెయ్యి అట్లనే వణుకుతది సారూ, రెండేండ్ల సంది" అంది. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఉంటుంది. సెకనుకు ఐదంటే నిమిషానికి 300. ఫ్లటర్ వేగమూ దాదాపు అంతే. మిషన్ బోల్తా పడింది, దాని వెనకాలే నేనూ. మూడో లీడ్ (ఈసీజీ గుండెను చూసే పన్నెండు కోణాల్లో ఒకటి) ఎడమ చెయ్యికీ ఎడమ కాలికీ మధ్య కొలుస్తుంది, కుడి చేతితో దానికి పనిలేదు. అక్కడ చూస్తే ప్రతి బీట్ ముందూ శుభ్రంగా పీ అల ఉంది, అంటే పై గదులు మామూలుగానే కొట్టుకుంటున్నాయి.

అట్లాగని మిషన్‌ను తీసిపారెయ్యలేం. వాంతులు, విరేచనాలతో వచ్చిన ఒకమ్మ ఈసీజీని ‘బాగానే ఉంది’ అని నేనే పక్కన పెట్టాను. కాగితం మీద మాత్రం క్యూటీసీ (ప్రతి బీట్‌లో క్యూ నుంచి టీ అల చివరిదాకా పట్టే టైము, గుండె రేటుకు సరిచేసింది) 520 మిల్లీసెకన్లు అని ఉంది. బీట్‌లో చివరిదైన టీ అల చదునైతే అది ఎక్కడ ముగిసిందో మిషన్‌కూ తెలియదు కాబట్టి గడులు లెక్కపెట్టాను. నిజమే. పొటాషియం పడిపోయింది, పైగా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర అజిత్రోమైసిన్, ఆండాన్‌సెట్రాన్ రెండూ పడ్డాయి. రెండూ క్యూటీని సాగదీసేవే. 500 దాటితే గుండె లయ ఒక్కసారిగా తప్పే ప్రమాదం ఉంది. కొలతల్లో మాత్రం తెల్లవారుజామున మూడింటికి నాకంటే మిషనే నయం.

అసలు చిక్కేమిటంటే అది ముందే చెప్పేస్తుంది. 2003లో అమెరికాలో జూనియర్ డాక్టర్ల మీద జరిపిన అధ్యయనం ఒకటి అచ్చయింది. మిషన్ వ్యాఖ్య పక్కన ఉంటే మొత్తం మీద వాళ్ల రీడింగ్ కాస్త మెరుగైంది. మిషన్ తప్పు చెప్పిన చోట మాత్రం ఆ తప్పుకే తలూపడం దాదాపు రెట్టింపైంది. అప్పటి నుంచి అనను గానీ, ఆ ఫ్లటర్ రాత్రి నుంచి నేను కాగితం పైభాగం మడిచేస్తున్నాను. నా రీడింగ్ వెనకాల పెన్నుతో రాసి, అప్పుడు విప్పుతాను. రెండూ కలవకపోతే ఎలక్ట్రోడ్లు సరిచేసి మళ్లీ ఈసీజీ. ఛాతీలో నొప్పి ఉన్నవాళ్లకైతే ఇద్దరం ‘నార్మల్’ అన్నా సరే, పావుగంటకు మరొకటి తీయాల్సిందే.

మూడో దారి వాట్సాప్. ఫొటో పంపితే హనుమకొండ సారు రెండు నిమిషాల్లో జవాబిస్తారు. మెలకువగా ఉంటే. అయితే ఫొటోలో ఆ అచ్చు లైన్లు కూడా పోతే నాకు తగిలిన మాయే ఆయనకూ తగులుతుంది. మడిచే ఫొటో తీయాలి. పన్నెండు లీడ్లూ పడాలి, నొప్పి ఎప్పుడు మొదలైందో రాయాలి. గీతల్లో హార్ట్ ఎటాక్ స్పష్టంగా కనిపిస్తుంటే నీలం టిక్కుల కోసం కూర్చోవద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వాలి, ఎంత ముందైతే అంత కండరం దక్కుతుంది.

హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ రికార్డు చేసే చిన్న పెట్టె) దగ్గరికొస్తే నా మాట తిరగబడుతుంది. 24 గంటల్లో దాదాపు లక్ష బీట్లు. వాటిని ఒక్కొక్కటిగా చూడటం మనిషి వల్ల కాదు. సాఫ్ట్‌వేర్ ముందు ఒకే రకం బీట్లను గుంపులు కట్టాలి, అనుమానపు గుంపులనే మనం విప్పి చూడాలి. ఎనుమాముల మార్కెట్ హమాలీ ఒకాయన రిపోర్టులో ‘వీటీ’ (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగం) అని వచ్చింది. ఆ రోజు ఆయన చేసిన పనుల డైరీలో చూస్తే సరిగ్గా అదే టైముకు పత్తి బస్తాలు మోస్తున్నాడు. పెద్దది చేసి చూస్తే గజిబిజి గీతల లోపల మామూలు బీట్లు సమానమైన ఎడంతో నడిచిపోతున్నాయి. చెమటకు ఎలక్ట్రోడ్ వదులైంది, అంతే.

ఇప్పుడొస్తున్న ఏఐ సంగతి వేరు. గుండె పంపింగ్ తగ్గిందని ఈసీజీ నుంచే పసిగట్టే ప్రోగ్రాములున్నాయి. వాటికి కనిపించేది మన కంటికి కనిపించదు, కాబట్టి కాగితం మడిచినా లాభం లేదు. అది చెప్పింది నిజమా కాదా తేలాలంటే ఎకో (గుండె స్కానింగ్) చేయాలి. మా దగ్గర ఎకో చేసే డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తారు.